చేతుల మీదుగా

1957 మే 7, మంగళవారం రాత్రి. క్లీవ్‌లాండ్ మునిసిపల్ స్టేడియంలో 18 వేల పైచిలుకు జనం. ఆట క్లీవ్‌లాండ్ ఇండియన్స్‌కీ న్యూయార్క్ యాంకీస్‌కీ మధ్య. ఇంకా మొదటి ఇన్నింగ్సే. యాంకీస్ రెండో బ్యాటర్ వచ్చాడు, పేరు గిల్ మెక్‌డూగల్డ్. బంతి విసురుతున్నవాడు హెర్బ్ స్కోర్, ఎడమచేతి వాటం. ఇంకో నెల గడిస్తే అతనికి 24 నిండుతాయి. స్కోర్ విసిరాడు. మెక్‌డూగల్డ్ కొట్టాడు. బంతి నేల తాకకుండా వచ్చిన దారినే వెనక్కి వెళ్ళి స్కోర్ కుడికంటి మీద తగిలింది.

అక్కణ్ణుంచి ఎగిరి మూడో బేస్ దగ్గరున్న ఆల్ స్మిత్ వైపు పోయింది. అతను అలవాటు కొద్దీ అందుకుని మొదటి బేస్‌కి విసిరేశాడు. మెక్‌డూగల్డ్ ఔట్. స్కోరుబుక్కుకి సంబంధించినంతవరకూ జరిగింది ఇంతే, ఒక మామూలు ఔట్. స్కోర్ నేల మీద పడి ఉన్నాడు, ముక్కు నుంచీ కంటి నుంచీ రక్తం. ప్రేక్షకుల్లో డాక్టర్లెవరైనా ఉంటే రమ్మని మైకులో పిలిచారు. మెక్‌డూగల్డ్ మౌండ్ దగ్గరికి పరుగెత్తాడు. స్కోర్‌ని స్ట్రెచర్ మీద తీసుకెళ్ళాక, బాబ్ లెమన్ వచ్చి మిగిలిన ఆటంతా వేశాడు. క్లీవ్‌లాండ్ 2-1 తేడాతో గెలిచింది. ఆట ఆగలేదు. ఆటలు ఆగవు.

ఆ రాత్రే మెక్‌డూగల్డ్ ఒక మాట అన్నాడు: స్కోర్‌కి చూపు పోతే నేను బేస్‌బాల్ మానేస్తాను.

బేస్‌బాల్ తెలియనివాళ్ళకి కూడా ఈ మాట ఆలోచించదగ్గదే. ఎందుకంటే మెక్‌డూగల్డ్ ఏ తప్పూ చేయలేదు. బ్యాటర్ పని బంతిని గట్టిగా కొట్టడం. కొట్టాక అది ఎటు పోతుందో కచ్చితంగా నిర్ణయించే శక్తి ఏ బ్యాటర్‌కీ ఉండదు. పిచ్చర్ నిలబడే చోటుకీ బ్యాటర్ నిలబడే చోటుకీ మధ్య దూరం 60 అడుగుల 6 అంగుళాలు, అంటే మన క్రికెట్ పిచ్ కంటే కూడా పొట్టి. పైగా ఫాస్ట్ బౌలర్ లాగే పిచ్చర్ కూడా విసిరిన ఊపులో ముందుకి పడతాడు. స్కోర్‌కి ఆ ఊపు మరీ ఎక్కువ. తల వంగిపోయేది, ఒళ్ళు పక్కకి తిరిగిపోయేది. బంతి వెనక్కి వచ్చేటప్పుడు అతని దగ్గర అర సెకను కూడా లేదు. 140 గ్రాములు దాటిన బరువున్న గట్టి బంతి. ఎవర్ని తప్పు పట్టాలి? పట్టడానికి ఎవరూ లేరు. అయినా ఒకడు, తప్పు లేదని తెలిసి కూడా, తన జీవనాధారాన్ని పణంగా పెడతానన్నాడు.

ఇది అతిశయమా, నాటకమా, లేక మనకి సరిగ్గా పేరు లేని ఏదైనా నైతికమైన స్పందనా? ఈ వ్యాసంలో నా గోల అంతా దీని చుట్టూనే.

ముందు స్కోర్ ఎవరో చెప్పాలి. లేకపోతే పోయిందేమిటో తెలియదు. 1933లో న్యూయార్క్‌లో పుట్టాడు. మూడేళ్ళ వయసులో ఒక బేకరీ ట్రక్కు కాళ్ళ మీంచి పోయింది. తర్వాత రుమాటిక్ జ్వరం. అలాంటి పిల్లవాడు ఎదిగి దేశంలోకెల్లా వేగంగా బంతి విసిరేవాళ్ళలో ఒకడయ్యాడు. 1954లో, ఇంకా పెద్ద లీగ్‌కి రాకముందే, ఇండియనాపోలిస్ జట్టుకి 22 ఆటలు గెలిపించి, 5 మాత్రమే ఓడి, 330 మందిని స్ట్రైకౌట్ చేశాడు. 1955లో క్లీవ్‌లాండ్‌కి రూకీగా వచ్చి 245 స్ట్రైకౌట్లు. ఒక రూకీ అన్ని చేయడం అంతకుముందు లేదు, ఆ తర్వాత కూడా 1984లో డ్వైట్ గూడెన్ వచ్చేదాకా లేదు. అమెరికన్ లీగ్ రూకీ ఆఫ్ ది ఇయర్ అతనే. 1956లో 20 గెలుపులు, 263 స్ట్రైకౌట్లు. 1957 మొదట్లో బాస్టన్ రెడ్ సాక్స్ వాళ్ళు అతని కోసం పది లక్షల డాలర్లు ఇస్తామన్నారు. అప్పటి లెక్కల్లో అది నమ్మలేని డబ్బు. క్లీవ్‌లాండ్ జనరల్ మేనేజరు హ్యాంక్ గ్రీన్‌బర్గ్ ఇవ్వనన్నాడు. ఆ తర్వాత రెండు నెలలు కూడా గడవకుండానే మే 7 వచ్చింది.

దెబ్బకి ముందు అతని లెక్క 38 గెలుపులు, 20 ఓటములు. దెబ్బ తర్వాత 17 గెలుపులు, 26 ఓటములు. చూపు నిలిచింది, ఆట నిలవలేదు. 1962తో పెద్ద లీగ్‌లో అతని కథ ముగిసింది, అప్పటికి 29 ఏళ్ళు.

మెక్‌డూగల్డ్ మానేయలేదు, మానేయాల్సిన అవసరం రాలేదు. షరతు చూపు పోవడం గురించి కదా. కానీ షరతు నెరవేరకపోయినంత మాత్రాన ఆ మాట ఖాళీ మాటయిపోదు. మనకి మొక్కులు తెలుసు: మంచి జరిగితే ఫలానాది ఇస్తాను. ఇది తిరగేసిన మొక్కు. చెడు జరిగితే నాది వదులుకుంటాను. దీనివల్ల స్కోర్‌కి ఒరిగేదేమీ లేదు. మెక్‌డూగల్డ్ ఆట మానేస్తే స్కోర్ కంట్లోకి వెలుగు రాదు. శిక్ష అనడానికి నేరం లేదు. పరిహారం అనడానికి పుచ్చుకునేవాడు లేడు. మరి ఆ మాటకి అర్థమేంటి?

1976లో బెర్నార్డ్ విలియమ్స్ అనే ఇంగ్లీషు తత్వవేత్త సరిగ్గా ఇలాంటి పరిస్థితి మీద ఒక పత్రం చదివాడు. నైతికతలో అదృష్టానికి చోటుందా అనేది ప్రశ్న. అదే వేదిక మీద టామస్ నేగెల్ దానికి జవాబు చెప్పాడు. ఆ రెండు వ్యాసాలూ ఇప్పటికీ తత్వశాస్త్రం క్లాసుల్లో జంటగా చదివిస్తారు. విలియమ్స్ ఇచ్చిన ఉదాహరణ ఒక లారీ డ్రైవర్. జాగ్రత్తగానే నడుపుతున్నాడు. ఒక పిల్లవాడు అడ్డం పడ్డాడు, చనిపోయాడు. డ్రైవర్ తప్పేమీ లేదు. ఆ సంఘటన చూసిన ప్రతివాడూ బాధపడతాడు. కానీ డ్రైవర్ పడే బాధ ఆ బాధలాంటిది కాదు, కాకూడదు కూడా. మనమంతా ‘నీ తప్పేం లేదయ్యా’ అని ఓదారుస్తాం. ఓదార్చడం సరైనదే. కానీ అతను మరీ తేలిగ్గా ‘అవును, నా తప్పేం లేదు’ అని ఒళ్ళు దులుపుకుని వెళ్ళిపోతే మనకి అతని మీద ఏదో అనుమానం కలుగుతుంది. ఎదుటివాళ్ళు చెప్పాల్సిన మాట, తను మాత్రం వెంటనే ఒప్పుకోకూడని మాట. ఇదొక విచిత్రమైన మర్యాద. తర్కానికి లొంగదు, అయినా దాదాపు అందరం పాటిస్తాం.

విలియమ్స్ దానికొక పేరు పెట్టాడు. తెలుగులో దానికి సరిపడే మాట కోసం నేను చాలా వెతికాను. ‘పశ్చాత్తాపం’ సరిపోదు, అది తప్పు చేసినవాడిది. ‘విచారం’ సరిపోదు, అది దారినపోయేవాడికి కూడా ఉంటుంది. ‘అపరాధభావం’ అనేది మనస్తత్వశాస్త్రం పుస్తకాల్లోంచి పత్రికల్లోకి వచ్చిన మాట, దాన్ని విన్న వెంటనే కౌన్సెలింగ్ గది గుర్తొస్తుంది. చివరికి నాకు దొరికింది మాట కాదు, ఒక వాడుక. మనం రెండు రకాలుగా అంటాం. ‘చేతులారా చేశాడు’ అంటే తెలిసి చేశాడని, చెడగొట్టాడని. ‘అతని చేతుల మీదుగా జరిగింది’ అంటే వేరే. ఈ రెండోదాన్ని ఈమధ్య పూర్తిగా మంత్రులకీ ఎమ్మెల్యేలకీ రాసిచ్చేశాం, రిబ్బన్లు కత్తిరించడానికి. కానీ అసలు అందులో ఉన్న సూక్ష్మం చూడండి. చేసినవాడు కాదు, చూసినవాడూ కాదు. పని అతని చేతుల మీదుగా నడిచి వెళ్ళింది. వెళ్తూ ఏదో అంటించి వెళ్ళింది. మెక్‌డూగల్డ్‌ది ఆ స్థితి.

దీనికి మన దగ్గర చాలా పాత ఓదార్పు ఒకటుంది: ‘నువ్వు నిమిత్తమాత్రుడివి.’ ప్రమాదం చేసినవాడికి, ఆపరేషన్ ఫెయిలయిన డాక్టరుకి, పెళ్ళి సంబంధం కుదిర్చి అది బెడిసికొట్టిన పెద్దమనిషికి మనం చెప్పే మాట ఇదే. వాడి రాత అలా ఉంది, నువ్వు కాకపోతే ఇంకొకడు. ఈ మాట వెనక గీత ఉంది, పదకొండో అధ్యాయం. కానీ అక్కడ కృష్ణుడు ఆ మాట చెప్పింది పనికి ముందు, బాణం వదలమని పురికొల్పడానికి. మనం వాడేది పని అయిపోయాక, దులిపెయ్యడానికి. ఈ తేడా చిన్నది కాదు. ముందు చెబితే అది ధైర్యం, తర్వాత చెబితే మత్తుమందు. పైగా యుద్ధం అయ్యాక అదే భారతంలో ధర్మరాజుకి ఎంతమంది ఎన్ని రకాలుగా చెప్పినా ఎక్కదు. రాజ్యం వద్దు, అడవికి పోతానంటాడు. తమ్ముళ్ళు చెబుతారు, ద్రౌపది చెబుతుంది, వ్యాసుడు చెబుతాడు. శాంతిపర్వం ఆ మంకుపట్టుతోనే మొదలవుతుంది. ధర్మరాజుది వేరే కేసు, అతను యుద్ధం కావాలనే చేశాడు. నేను చెప్పేది ఇంతే: నిమిత్తమాత్రం అనే మాట ఎంత గొప్పదైనా, అది అందరికీ అన్నివేళలా పనిచేయదని మహాభారతానికి కూడా తెలుసు.

ఎందుకు పనిచేయదంటే, బ్యాటు కూడా నిమిత్తమే కాబట్టి. ఆ రాత్రి స్కోర్ ముఖాన్ని బద్దలు కొట్టడంలో చెక్కబ్యాటుకి ఎంత పాత్ర ఉందో, ఆ ఓదార్పు ప్రకారం మెక్‌డూగల్డ్‌కీ అంతే పాత్ర. నేను ఆట మానేస్తానన్నప్పుడు అతను తిరస్కరించింది దీన్నే అనుకుంటాను. నేను బ్యాటుని కాదు, నేను మనిషిని, ఇది నా చేతుల మీదుగా పోయింది, రేపు పొద్దున్న ఏమీ జరగనట్టు మళ్ళీ బ్యాటు పట్టుకోలేను. ఇందులో అహంకారం ఉందని కొందరంటారు. ‘అంతా నీ గురించేనా, దెబ్బ తగిలింది వాడికి కదా’ అని. ఆ విమర్శలో నిజం లేకపోలేదు. బాధ పడ్డవాడి కంటే బాధ పెట్టినవాడి బాధ కథల్లో పెద్దదైపోవడం మనం తెలుగు సినిమాల్లో కావలసినంత చూశాం. అయినా, నా మటుకు నాకు ఆ విమర్శ ఇక్కడ అతకదనిపిస్తుంది. మెక్‌డూగల్డ్ సానుభూతి అడగలేదు. తన వైపు నుంచి ఏం పోగొట్టుకోవడానికి సిద్ధమో చెప్పాడు, అంతే.

క్రికెట్ తెలిసినవాళ్ళకి ఈపాటికి ఫిలిప్ హ్యూస్ గుర్తొచ్చి ఉంటాడు. 2014 నవంబర్ 25, సిడ్నీ. హ్యూస్ 63 పరుగులతో ఆడుతున్నాడు. షాన్ ఆబట్ వేసిన బౌన్సర్ మెడ పక్కన తగిలింది. రెండు రోజులకి హ్యూస్ చనిపోయాడు, 26వ పుట్టినరోజుకి మూడు రోజుల ముందు. ఆబట్ వయసు అప్పుడు 22. డిసెంబర్‌లో అతను అదే మైదానానికి తిరిగొచ్చి బంతి వేశాడు, క్వీన్స్‌లాండ్ మీద 14 పరుగులిచ్చి ఆరు వికెట్లు తీశాడు. ఆ వార్త వచ్చినప్పుడు ఆనందించిన వాళ్ళలో నేనూ ఉన్నాను. ఒకడు మానేస్తానన్నాడు, ఇంకొకడు తిరిగొచ్చి వేశాడు. నాకు రెండూ గౌరవించదగ్గవే. చేతుల మీదుగా ఏదో పోయాక ఆ చేతులతో ఏం చేయాలన్నదానికి ఒకే జవాబు ఉండాలని నేననుకోను.

ఇప్పుడు అసలు చిక్కు. ఇంతవరకూ నేను ‘దెబ్బ తర్వాత’ అంటూ వచ్చాను, కంటిదెబ్బే స్కోర్ కెరీర్‌ని తినేసిందన్నట్టు. అందరూ అలాగే చెబుతారు. స్కోర్ మాత్రం ఒప్పుకోలేదు. బతికున్నన్నాళ్ళూ, ఎవరు అడిగినా, అతను చెప్పింది ఒకటే: నా ఆట పోయింది కంటివల్ల కాదు, మోచేతివల్ల.

అతని వాదన ఇది. 1958లో అతను తిరిగొచ్చాడు. ఏప్రిల్‌లో షికాగో వైట్ సాక్స్ మీద ఒక్క పరుగు కూడా ఇవ్వకుండా 13 మందిని స్ట్రైకౌట్ చేశాడు. కంటికి భయపడ్డవాడు చేసే పనేనా అది? తర్వాత వాషింగ్టన్‌లో ఒక చలి రాత్రి, ముసురులో విసురుతుంటే చేయి నొప్పెట్టింది. నొప్పితోనే వేశాడు. మోచేతి దగ్గర టెండన్ చిరిగింది. నొప్పి లేకుండా విసరాలని విసిరే తీరు మార్చుకున్నాడు. పాత తీరు మళ్ళీ రాలేదు. 1959లో 9 గెలుపులు, 11 ఓటములు. 1960 ఏప్రిల్ 17న అతని స్నేహితుడూ రూమ్మేటూ అయిన రాకీ కొలవీటోని క్లీవ్‌లాండ్ వదిలించుకుంది, మర్నాడు స్కోర్‌ని షికాగోకి పంపేసింది.

మరోవైపు, పక్కనుండి చూసినవాళ్ళు చాలామంది ఇంకోలా చెప్పారు. కంటిదెబ్బ తర్వాత అతను తెలియకుండానే ఒళ్ళు కాచుకోవడం మొదలెట్టాడని, విసిరాక ముందుకి పడే ఆ ఊపు తగ్గిందని, దానివల్లే చేతి మీద భారం పడిందని. మనసు తనకి తెలియకుండా శరీరాన్ని మార్చగలదు కాబట్టి దీన్ని కాదనడం కష్టం. అవుననడమూ కష్టం. స్కోర్ మోచెయ్యి 1958 నాటిది. ఎంఆర్ఐలు రావడానికి ఇంకా చాలా కాలముంది. ఫ్రాంక్ జోబ్ అనే డాక్టరు టామీ జాన్ అనే పిచ్చర్‌కి మోచేతి సర్జరీ చేసి కొత్త దారి తెరిచింది 1974లో. ఆ రోజుల్లో చేయి నొప్పెడితే విశ్రాంతి తీసుకో అనేవాళ్ళు, లేదా నొప్పితోనే వెయ్యి అనేవాళ్ళు. ఇరవై ఏళ్ళ తర్వాత కూడా పరిస్థితి మరీ మారలేదు. 1976లో డెట్రాయిట్‌లో మార్క్ ఫిడ్రిచ్ అనే 21 ఏళ్ళ రూకీ వచ్చాడు. మౌండ్ మీద మోకాళ్ళ మీద కూర్చుని మట్టి సర్దుకునేవాడు, బంతితో మాట్లాడుతున్నట్టు కనపడేవాడు, దేశమంతా వెర్రెత్తిపోయింది. 19 ఆటలు గెలిచాడు. ఆ ఒక్క ఏడాదే 24 ఆటలు మొదట్నుంచీ చివరిదాకా తనే వేశాడు. మరుసటి ఏడాది మోకాలు, తర్వాత భుజం. భుజంలో కండర బంధం చిరిగిందని తేలింది 1985లో, ఆట పూర్తిగా వదిలేశాక. ఫిడ్రిచ్ విషయంలో ఎవరి చేతుల మీదుగా జరిగిందంటే ఎవరూ వేలు చూపరు. 24 ఆటలు పూర్తిగా వేయించినవాళ్ళు ఉన్నారు, కానీ వాళ్ళెవరూ ఒక్క క్షణంలో, 18 వేల మంది ముందు బంతిని కొట్టలేదు.

నాకు కీలకం ఇక్కడుందనిపిస్తుంది. కంటిదెబ్బ కథని మనం ఎందుకు వదలం? అది కనపడింది కాబట్టి. ఒక క్షణం, ఒక చప్పుడు, ఒక మనిషి, ఒక కారణం. మోచెయ్యి కథలో చలి ఉంది, తేమ ఉంది, నొప్పిని దాచుకునే అలవాటు ఉంది, 1954 నుంచీ విసిరిన వేల బంతులున్నాయి. అందులో దోషి లేడు, క్షణం లేదు, చెప్పుకోవడానికి కథ లేదు. మన ఇళ్ళల్లో కూడా ఇంతే కదా. పెద్దాయన చనిపోతే ఏళ్ళ తరబడి ముదిరిన షుగరు గురించి మాట్లాడం, ‘ఆ రోజు ఆ పెళ్ళికి తీసుకెళ్ళకుండా ఉండాల్సింది’ అంటాం. తీసుకెళ్ళినవాడు దొరుకుతాడు. షుగరు దొరకదు.

మంచి కథ కావాలన్న మన ఈ కోరిక అమాయకమైనది కాదు. దానికి మూల్యం ఎవరో ఒకరు చెల్లిస్తారు. కంటిదెబ్బే కారణమని జనం అన్న ప్రతిసారీ మెక్‌డూగల్డ్ పేరు వచ్చింది. అతను 1951లో రూకీ ఆఫ్ ది ఇయర్. ఆ ఏడాదే వచ్చిన మికీ మాంటిల్‌ని కాదని అతనికిచ్చారు. యాంకీస్‌తో అయిదు వరల్డ్ సిరీస్‌లు గెలిచాడు. అయినా అతని గురించి ఇవాళ వెతికితే ముందు కనపడేది స్కోర్ కన్ను.

స్కోర్‌కి ఇది తెలియదా? తెలిసే అన్నాడా మోచెయ్యి అని? కొందరు అలాగే అనుకుంటారు: మంచివాడు, మెక్‌డూగల్డ్ మీద భారం తీసెయ్యడానికి అలా చెప్పాడని. అలా అనుకోవడం అతన్ని గొప్పవాణ్ణి చేస్తున్నట్టే ఉంటుంది, కానీ అందులో ఒక అవమానం దాగుంది. తన చెయ్యి ఎక్కడ, ఎప్పుడు నొప్పెట్టిందో ఆ చెయ్యి ఉన్నవాడు చెబుతుంటే, ‘పాపం మంచితనం కొద్దీ అంటున్నావు, నిజం మాకు తెలుసులే’ అనడం. దెబ్బ తిన్నవాడికి తన దెబ్బ గురించి చెప్పుకునే హక్కు కూడా లేకుండా చేయడం. అతను పొరపడే అవకాశం ఉందని ఒప్పుకుంటాను, ఎవరి శరీరం వాళ్ళకి పూర్తిగా అర్థం కాదు. కానీ పొరపాటు పడ్డాడనడం వేరు, దయతో అబద్ధమాడాడనడం వేరు. మొదటిదానికి రుజువు కావాలి. రెండోదానికి మనకి రుజువు కూడా అక్కర్లేకపోయింది, కథ అందంగా ఉంటే చాలనుకున్నాం. సందేహం ఉన్నచోట, ఒకరి భారం తగ్గించే మాటనీ ఇంకొకరి మాట మీద గౌరవాన్నీ ఒకేసారి నిలబెట్టే వైపు మొగ్గడం తప్పు కాదని నా అభిప్రాయం. నేను మోచెయ్యి పక్షం.

‘ఏమయ్యేవాడో’ అనే నిట్టూర్పు గురించి కూడా ఒక మాట. స్కోర్ పేరు వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు సాండీ కోఫాక్స్ పేరెత్తుతారు. ఇద్దరూ ఎడమచేతివాళ్ళే, ఇద్దరూ పెద్ద లీగ్‌కి వచ్చింది 1955లోనే. దెబ్బ తగలకపోతే స్కోర్ ఆ స్థాయిలో ఉండేవాడని. ఉండేవాడేమో. కానీ ఆ పోలికని కాస్త గట్టిగా పట్టుకుంటే అది మన చేతుల్లోనే తిరగబడుతుంది. 1955లో స్కోర్ 245 స్ట్రైకౌట్లు చేస్తుంటే కోఫాక్స్ మొత్తం గెలిచింది రెండు ఆటలు. 1960 చివరికి కోఫాక్స్ లెక్క 36 గెలుపులు, 40 ఓటములు. అప్పుడు అతనికేదో దెబ్బ తగిలి ఆగిపోయి ఉంటే మనం నిట్టూర్చేవాళ్ళమే కాదు, పేరు కూడా గుర్తుండేది కాదు. ఆ తర్వాతి ఆరేళ్ళలో 129 గెలిచి 47 మాత్రమే ఓడాడు. ఆ తర్వాత కీళ్ళవాతం పట్టిన మోచేతితో 30 ఏళ్ళకే ఆట మానేశాడు. అంటే, వాగ్దానం ఉన్నవాడి భవిష్యత్తు మనకి తెలిసినట్టూ, లేనివాడి భవిష్యత్తు లేనట్టూ మనం మాట్లాడేది ఉత్త ధీమా. స్కోర్ 1955లో 154 మందికి వాక్‌లు ఇచ్చాడు, అంటే గురి తప్పిన బంతులు అన్నేసి వేశాడు. ఆ చెయ్యి ఏ కంటిదెబ్బా లేకుండానే రెండేళ్ళలో పోయుండొచ్చు. ఇరవై ఏళ్ళు నిలిచి ఉండొచ్చు కూడా.

పోయిందని మనం ఏడ్చేది ఉన్నదాని గురించి కాదు, మనం ఊహించుకున్నదాని గురించి. ఊహ మనది. దాని బరువు మాత్రం అతని మీద పెడతాం. కనపడిన ప్రతివాడూ ‘నీకెంత అన్యాయం జరిగింది’ అని ముప్పై ఏళ్ళపాటు అంటుంటే మనిషి ఎలా బతకాలి? ఇంటర్లో స్టేట్ ర్యాంకు వచ్చి తర్వాత మామూలు ఉద్యోగం చేసుకుంటున్న వాళ్ళు మనందరికీ తెలుసు. వాళ్ళు హాయిగానే ఉంటారు. పెళ్ళిళ్ళలో కనపడిన బంధువులు ఉండనివ్వరు.

ఇక మెక్‌డూగల్డ్ గురించి నేను దాచిపెట్టిన సంగతి ఒకటుంది. 1955లో, స్కోర్ రూకీగా వెలుగుతున్న ఆ వేసవిలోనే, ఆటకి ముందు ప్రాక్టీసులో జట్టు సహచరుడు బాబ్ సర్వ్ కొట్టిన బంతి మెక్‌డూగల్డ్ చెవి దగ్గర తగిలింది. కొన్ని రోజుల్లో మళ్ళీ ఆడాడు. అందరూ మరిచిపోయారు. వినికిడి మాత్రం కొంచెం కొంచెంగా తగ్గుతూ పోయింది. 1960లో ఆట మానేశాడు. తర్వాత ఫోర్డమ్ యూనివర్సిటీ జట్టుకి కోచ్‌గా 1976 దాకా ఉన్నాడు. చివరికి దాదాపు ఏమీ వినపడని స్థితి, ఫోను కూడా ఎత్తలేడు. 1994లో న్యూయార్క్ టైమ్స్‌లో అతని చెవుడు గురించి ఒక వ్యాసం వస్తే, అది చూసి వైద్యులు ముందుకొచ్చారు. కాక్లియర్ ఇంప్లాంట్ పెట్టారు. మళ్ళీ మనుషుల మాటలు వినగలిగాడు.

రెండేళ్ళ తేడాతో రెండు బంతులు. మొదటిది తగిలినప్పుడు అక్కడ 18 వేల మంది లేరు, మైకులో పిలుపులు లేవు, రక్తం లేదు. దెబ్బ ఇరవై ఏళ్ళు తీసుకుని నెమ్మదిగా పనిచేసింది. నేను చదివిన వాటిల్లో బాబ్ సర్వ్ పేరు ఒక వాక్యం మించి ఎక్కడా కనపడదు. ఎవరి చేతుల మీదుగా ఏం పోయిందన్నది చివరికి ఎంత గట్టిగా చప్పుడైంది అనేదాన్ని బట్టి తేలుతుందేమో. నేగెల్ అదృష్టాన్ని నాలుగు రకాలుగా విడదీశాడు. కనపడటం, కనపడకపోవడం అనే అయిదో రకం కూడా ఉండాలని నా మనవి.

స్కోర్ 1964లో క్లీవ్‌లాండ్ ఆటలకి టీవీ వ్యాఖ్యాతగా చేరి, 1968లో రేడియోకి మారి, 1997 దాకా ఉన్నాడు. మొత్తం 34 సీజన్లు. వాటిల్లో చాలా సీజన్లు ఆ జట్టు ఎందుకూ పనికిరాని జట్టు. వేసవి రాత్రుళ్ళు వరండాల్లో, కార్లలో, ఓడిపోతున్న ఆటని అతని గొంతులో వింటూ ఒహాయోలో రెండు తరాలు పెరిగాయి. అందులో చాలామంది అతను బంతి విసరగా ఎన్నడూ చూసినవాళ్ళు కాదు. తన ఆట గురించి అతను మైకులో ఎత్తేవాడు కాదు. అప్పుడప్పుడూ ఆటగాళ్ళ పేర్లు తారుమారు చేసేవాడు. అదీ జనానికి ముద్దుగానే ఉండేది. చివరి ఏడాది జట్టు వరల్డ్ సిరీస్ ఏడో ఆట దాకా వెళ్ళింది. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఇంకో రెండు ఔట్లు తీస్తే గెలుపు. ఫ్లోరిడా సమం చేసింది, పదకొండో ఇన్నింగ్స్‌లో గెలిచేసింది. వ్యాఖ్యాతగా స్కోర్ చెప్పిన చివరి ఆట అదే.